పట్టెడిస్తే చాలు

పొగ గడ్డకడితే కోట అవుతుందా అని అడిగేవాళ్ళు ధూమదుర్గం చూడలేదన్నమాట. పడమటి సముద్రం మీదికి వంగి చూస్తున్న కొండ అంచున ఆ కోట బూడిదరంగు బురుజులతో ఆకాశానికి ఎగబాకి నిలబడి ఉంటుంది. ద్వారానికి అటూ ఇటూ రెండు ఏనుగులు, వాటి తొండాల్లో తామరమొగ్గలు, మొగ్గల మీద వాలిన తుమ్మెదలు, ఆ తుమ్మెదల రెక్కల్లో ఈనెలు కూడా కనిపించేంత నాజూకు పని. అంతా పొగే. కర్కటకేతుడనే మాంత్రికుడు తన కొలిమిలోంచి లేచిన పొగను మంత్రంతో గడ్డకట్టించి, ముక్కముక్కా పేర్చి కట్టుకున్న కోట అది. లోపల గదుల నిండా బంగారమే. వాడు చిటికేస్తే బొగ్గు బంగారమవుతుంది. అయితే ఎన్ని చిటికెలు వేసినా బియ్యపు గింజ మాత్రం పుట్టదు. ఎంత మంత్రమైనా వరి పండాల్సింది మళ్ళోనే కదా మరి. అందుకే వాడికి బంగారమంటే పూచికపుల్ల, అన్నమంటే ప్రాణం. ఎంగిలిచేత్తో కాకిని తోలే రకం కాదు.

ఆ రోజు ఎండ పడమటికి తిరిగిన వేళ, కోట ద్వారం ముందు ఇద్దరు మనుషులు నిలబడి గుసగుసల్లోనే పోట్లాడుకుంటున్నారు.

"ఏదీ, ఇంకోసారి పిలువు," అంది తలపాగా చుట్టుకున్న సన్నటి శాల్తీ, బొంగురు గొంతుతో.

"ఒరే సింగన్నగారూ," అన్నాడు బొజ్జ ఉన్న రెండో మనిషి.

"ఒరే అన్నాక మళ్ళీ గారు ఎందుకయ్యా?"

"అలవాటు తల్లీ. యువరాణీవారిని ఒరే అంటే నా నాలుక పడిపోద్ది."

"ఆ గారు లోపల నోరు జారిందంటే ఇద్దరి తలలూ పడిపోతాయి. మళ్ళీ పిలువు."

"ఒరే సింగా," అని, ఆ వెంటనే లెంపలు వేసుకున్నాడు కామోజు.

కామోజు పడమటి కొండసీమ నుంచి వలస వచ్చి చంపకవతీ నగరంలో కొలిమి పెట్టుకున్న కమ్మరి. సింగడి వేషంలో ఉన్నది చంపకవతి రాజకుమార్తె మంజువాణి. ఆమె పాడితే వంటవాళ్ళు గరిటె తిప్పడం మరిచిపోయి కూరలు మాడ్చేవాళ్ళని అంతఃపురంలో చెప్పుకునేవారు. ఆ గొంతే ఇప్పుడు వానాకాలపు కప్ప గొంతైంది. కారణం ఆమె మెడ చుట్టూ, తలపాగా కొస కింద దాగి ఉన్న ఇనుప కంటె.

వసంతోత్సవం నాడు నగల వర్తకుడి వేషంలో వచ్చిన కర్కటకేతుడు బంగారు కంటె అని చెప్పి దాన్ని ఆమె మెడకు తొడిగాడు. తొడిగిన క్షణంలో అది నల్లటి ఇనుమైంది, అతుకు మూసుకుపోయింది. "మీ రాజ్యంలో పండిన ధాన్యమంతా నా కొట్లకు తోలించు రాజా. తోలించేదాకా ప్రతి పొద్దుగూకులకూ ఈ కంటె రవ్వంత బిగుస్తుంది," అని చెప్పి వాడు పొగై పోయాడు. రాజు కూతురి మొహం చూసి ఏడుస్తూ బళ్ళు కట్టించబోయాడు. మంజువాణి ఒప్పుకోలేదు. "జనమంతా పస్తుంటే నా మెడ ఒక్కటి బతికి ఏం చేస్తుంది నాన్నగారూ," అని, నగలు తీసి అవతల పెట్టి నేరుగా కామోజు కొలిమికి నడిచింది. కామోజు ఆ కంటెను అటూ ఇటూ తిప్పి చూసి చెప్పింది ఒకటే మాట. అది ఏ పట్టెడ మీద, అంటే ఇనుము పెట్టి కొట్టే ఏ దిమ్మె మీద వంగిందో, ఆ పట్టెడ మీదే విడుతుంది. ఇంకెక్కడ కొట్టినా మెడ విరుగుతుంది గాని కంటె విరగదు.

అప్పటినుంచి ఆమె సమ్మెట పట్టడం నేర్చుకుంది. అరచేతులు కాయలు కాచాయి, భుజాలు గట్టిపడ్డాయి. కంటె కూడా తన పని తాను చేసుకుపోతూనే ఉంది. నిన్నటితో మెడకూ కంటెకూ మధ్య చిటికెనవేలు కూడా దూరనంత బిగిసింది. ఈ పొద్దు గూకితే ఇక ఊపిరి ఆడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కనుకనే ఇద్దరూ గారు గురించి పోట్లాడుకుంటున్నారు.

"గుర్తుందిగా," అంది మంజువాణి. "పని అడుగుతాం. వాడు అటు తిరగ్గానే దాగలి మీద నా మెడ పెడతాను. నువ్వు కొట్టేస్తావు."

"దాగలి కాదు తల్లీ, పట్టెడ."

"మా వైపు దాగలే అంటారు."

"మావైపు పట్టెడంటాం. దాగలంటే ఏదో భయపడి దాక్కున్నట్టు ఉంటది. నా ఇంటి వేలుపు ఎందుకు దాక్కోవాలి?"

దారి పొడుగునా ఇదే తగవు. తగవు తెగకముందే తలుపులు తెరుచుకున్నాయి. బొగ్గుతో చేసిన భటులు, నల్లటి ఈటెలు పట్టుకొని, వాళ్ళిద్దరినీ లోపలికి నడిపించారు.

కొలిమి మండపం చూసి కామోజు భయం సంగతే మరిచిపోయాడు. నూరు స్తంభాల మధ్య నిప్పులగుంట ఎర్రగా ఊపిరి తీస్తోంది. దాని పక్కనే గొలుసుతో కట్టేసిన దున్నపోతంత తోలుతిత్తి ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. నడిమధ్యన, గంధపుచెక్క దుంగ మీద, ఆ దాగలి ఉంది. నిలువెల్లా నల్లన. పైముఖం మాత్రం సమ్మెట దెబ్బలకు నున్నబడి అద్దంలా తళతళలాడుతోంది. ఒకవైపు కొమ్ము సన్నగా, గుండ్రంగా, లేగదూడ కొమ్ములా ముందుకు వచ్చి ఉంది. కామోజు చెప్పులు విడిచి, దాన్ని తాకి కళ్ళకు అద్దుకున్నాడు.

"రండి రండి, కూచోండి, ఎంతసేపైంది వచ్చి, దాహం పుచ్చుకుంటారా, నీళ్ళయితే ఉన్నాయి, తిండి మాత్రం అడక్కండి," అన్నది తిత్తి. మంజువాణి ఉలిక్కిపడింది. తోలు మీద రెండు గుండ్రటి కళ్ళు మిలమిలలాడుతున్నాయి. మాట ముందువైపు గొట్టంలోంచి బుస్సుబుస్సుమంటూ వస్తోంది. "నన్ను బుస్సన్న అంటారు. తిత్తిభూతాన్ని. మనిషి మొహం చూసి ఎన్నాళ్ళయిందో. ముందొచ్చిన కమ్మరులందరూ ఆకలికి తాళలేక పారిపోయారు. ఒకాయనైతే నా తోలే కొరకబోయాడు."

"నోర్ముయ్," అన్న మాట మండపం చివరినుంచి వినబడింది.

కర్కటకేతుడు ఒక పెద్ద కొట్టు తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. పొడుగ్గా, ఎండిన చెరకుగడలా ఉన్నాడు. మీసాలు ఎండ్రకాయ కాళ్ళలా వంకర్లు తిరిగి ఉన్నాయి. మొలలో తాళాలగుత్తి. అరచేతిలో నాలుగు బియ్యపు గింజలు పెట్టుకొని ఒక్కొక్కటే నోట్లో వేసుకొని తీరుబడిగా నములుతున్నాడు.

"కమ్మరివా? మంచివేళకు వచ్చావు. ఈ కొట్టు నిండా బియ్యం ఉంది. త్వరలో ఒక రాజ్యం రాజ్యమే వచ్చి పడబోతోంది. దీనికి అడ్డగడియ కావాలి. తొడంత లావు ఇనుము, కొస కొక్కెంలా తిరగాలి. పొద్దుగూకేలోగా చెయ్యాలి."

"చిత్తం దొరా," అన్నాడు కామోజు.

"తమరు అలసిపోయినట్టున్నారు," అంది మంజువాణి బొంగురుగొంతుతో. "లోపల పడుకోండి. అవగానే మేమే లేపుతాం."

"నేనా? కదలను. గింజ ఎక్కడుంటే నేనక్కడ." వాడు తలుపుకు ఇంకాస్త గట్టిగా ఆనుకున్నాడు.

మంజువాణి కామోజు వైపు చూసింది. వాడు అటు తిరగడమన్నదే లేకపోతే ఇక మెడ పెట్టేదెప్పుడు, కొట్టేదెప్పుడు? కిటికీలోంచి పడుతున్న ఎండ అప్పుడే స్తంభాల మొదళ్ళు దాటి ఇవతలికి సాగింది.

"ముందు కూలి మాట కావాలి," అన్నాడు బుస్సన్న. "ఇది ఈ కొలిమి పుట్టిననాటి కట్టడి. పనివాడు దాగలి మీద చెయ్యి పెట్టి కూలి అడగాలి, దొర చెయ్యి వేసి ఒప్పుకోవాలి. ఒప్పుకున్నది ఇవ్వకపోతే ఈ నిప్పు ఆరిపోతుంది, దొరగారి మంత్రాలన్నీ దాంతోపాటే ఆరిపోతాయి. సాక్షిని నేను."

"ఎంత బంగారం కావాలో అడుగు. బస్తాలకు బస్తాలు పట్టుకుపో," అన్నాడు కర్కటకేతుడు.

కామోజు బొజ్జ నిమురుకున్నాడు. మంజువాణి వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. తరవాత రెండు చేతులూ ఆ నల్లటి ఇనుము మీద ఆనించి, వంగి, దీనంగా మొహం పెట్టి అన్నాడు. "బంగారం మాకెందుకు దొరా. పేదోళ్ళం. పట్టెడిస్తే చాలు."

మాంత్రికుడి మొహం వాడిపోయింది. చాలాసేపు నోట్లో గింజ నమలడం కూడా ఆపేశాడు. "పట్టెడా? మనిషికా, ఇద్దరికీ కలిపా?"

"ఇద్దరికీ కలిపే దొరా."

"మారు అడగవు గదా?"

"మారు అడిగితే ఒట్టు."

వాడు నిట్టూర్చి, లేచి వచ్చి, తన ప్రాణమే తీసి ఇస్తున్నవాడిలా దాగలి మీద చెయ్యి వేశాడు. "సరే, ఇచ్చాను. గడియ అయిన మరుక్షణం పుచ్చుకో." ఇనుము ఖంగున మోగింది. మాట కుదిరిపోయింది.

మంజువాణికి ఒళ్ళు మండిపోయింది. ఇన్ని అడవులు దాటి, ఇన్ని కొండలెక్కి, ప్రాణం మెడమీదికొచ్చిన వేళ ఈ మహానుభావుడు అన్నం అడుక్కుంటాడా? అరుద్దామంటే గొంతు లేదు. సమ్మెట ఎత్తి భుజాన వేసుకుంది. ఆ సమ్మెట ముందు ఎవరి నెత్తిన పడాలో ఆమెకు ఆ క్షణంలో స్పష్టంగానే ఉంది.

బుస్సన్న ఊదాడు. నిప్పులు ఎర్రబడ్డాయి, పసుపుపచ్చబడ్డాయి, తెల్లబడ్డాయి. కామోజు పటకారుతో ఇనుపదూలాన్ని లాగి దాగలి మీద పడేశాడు. మండపం నిండా రవ్వలు చిమ్మాయి. నూరు స్తంభాల మీద చెక్కిన పొగనాట్యకత్తెల మొహాలన్నీ ఒక్కసారి బంగారురంగు తేలాయి.

పని మొదలయ్యాక మాటలుండవు. కామోజు కుడిచేతిలో చిన్న సుత్తి ఇనుము మీద ఎక్కడ టింగుమంటే సమ్మెట అక్కడ పడాలి. టింగు, ధణ్. టింగు, ధణ్. చిన్న సుత్తి కొస వైపు జరిగితే ఇనుము సాగుతుంది, అడ్డంగా వస్తే చదునవుతుంది. సమ్మెట పట్టినవాడు ఆలోచించకూడదు. చెవి విన్నది చెయ్యి చేసెయ్యాలి.

"భేష్," అన్నాడు బుస్సన్న, ఊదుడుకూ ఊదుడుకూ మధ్య. "దొరగారు కూడా ఒకప్పుడు ఇక్కడ సమ్మెట కొట్టినవారే. పాత గురువుగారి దగ్గర. తరవాత గురువుగారినే వెళ్ళగొట్టారనుకోండి, అది వేరే కథ. ఇక్కడ సమ్మెట పట్టిన చెయ్యి చిన్న సుత్తి పిలిస్తే పలక్కుండా ఉండలేదు, ఎన్నేళ్ళయినా సరే."

"నువ్వు ఊదు," అన్నాడు కర్కటకేతుడు.

దూలం మళ్ళీ నిప్పుల్లోకి వెళ్ళింది. ఆ సందు చూసుకొని మంజువాణి కామోజు చెవి దగ్గరికి వంగింది. "ఆకలైతే దారిలో చెప్పి చావకపోయావా? ఇక్కడా నీ తిండి గోల?"

కామోజు అమాయకంగా చూశాడు. "ఆకలెవరికి? ఒరే సింగన్నగారూ, మా సీమలో దీన్ని ఏమంటారో దారి పొడుగునా చెప్పానా లేదా?" అని చిన్న సుత్తితో దాగలి ముఖాన్ని మెల్లగా తట్టాడు.

టింగుమంది. మంజువాణి ఆ ఇనుము వంక చూసింది. పట్టెడ. పట్టెడు కాదు, పట్టెడ. వాడు ఇచ్చానన్నది అన్నం కాదు.

నవ్వు ఆమె పొట్టలోంచి పొంగుకొచ్చి కంటె దగ్గర ఇరుక్కుపోయింది. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కులోంచి చీదడం, గొంతులోంచి కీచుమనే దగ్గు. సమ్మెట కర్రకు ఆనుకొని ఊగిపోయింది.

"ఏమైంది వాడికి?" అన్నాడు మాంత్రికుడు. "ఏదో గారు అంటున్నావు, ఎవరా గారు?"

కామోజు మొహం తెల్లబోయింది. "గారు కాదు దొరా, గారె. గారెలు తినాలనుందిరా అని సింగన్నతో అంటన్నా."

"గారెలా," అని మాంత్రికుడు గుండె పట్టుకున్నాడు. "పట్టెడే అన్నావు. మాట మాటే."

"అయ్యో, మాట మాటే దొరా. పట్టెడ తప్ప ఇంకేం అడుగుతాను."

ఆ తరవాత సమ్మెట ఎలా ఆడిందో చూడాల్సిందే. పిడుగులు పడినట్టు కొట్టింది మంజువాణి. ఎర్రటి కొసను కామోజు దాగలి కొమ్ము మీదికి జరిపి పట్టుకుంటే, దెబ్బదెబ్బకూ ఇనుము కొమ్ము చుట్టూ వంగింది, ఆమె కసి కొద్దీ నునుపుగా, గుండ్రంగా తిరిగింది. చివరికి గడియను నీళ్ళ తొట్టిలో ముంచారు. బుస్సుమని ఆవిరి లేచింది. పడమటి కిటికీలో సూర్యుడు సముద్రపు గీత మీదికి దిగుతున్నాడు. మంజువాణి మెడ దగ్గర కంటె సన్నగా కదిలింది. గింజలో పురుగు మెదిలినట్టు ఉంది ఆ కదలిక.

కర్కటకేతుడు గడియను తడిమి చూసి, తల ఊపి, కొట్టు తలుపు బెత్తెడు తెరిచి చెయ్యి లోపలికి పెట్టాడు. గుప్పెడు బియ్యం తీశాడు. చూసుకొని, వేళ్ళు కాస్త సడలించి సగం లోపలికే జార్చాడు. మిగిలింది ఆకులో పోసి కామోజు ముందు పెట్టి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎంతైనా చూడలేకపోయాడు.

"ఇదేంటి దొరా?" అన్నాడు కామోజు.

"నువ్వడిగిన పట్టెడు."

"నేను పట్టెడు అడగలేదు దొరా. పట్టెడ అడిగాను. మా కొండసీమలో దీన్నే పట్టెడంటారు." కామోజు దాగలిని ఆప్యాయంగా నిమిరాడు. "తమరు చెయ్యేసి మరీ ఇచ్చారు."

మాంత్రికుడి మీసాలు రెండూ నిలువునా లేచాయి. "దొంగ వెధవా, పట్టెడు అన్నం అన్నావు నువ్వు."

"అన్నం అన్న మాటే రాలేదు దొరా," అన్నాడు బుస్సన్న. వాడి కళ్ళు సంతోషంతో చింతకాయల్లా సాగిపోయాయి. "సాక్షిని నేను కదా. పట్టెడిస్తే చాలు అన్నాడు. పట్టెడు ఇస్తే అన్నా అంతే, పట్టెడ ఇస్తే అన్నా అంతే. సంధిలో పోయింది ఉత్వమో అత్వమో తమరు అప్పుడే అడగాల్సింది. మనిషికా, ఇద్దరికీ కలిపా అని అడిగారు గాని, ఏ పట్టెడ అని అడిగారా? లేదే. పని చేసినవాడి మాటకు పని చేసినవాడే అర్థం చెప్పాలి. దాగలి వాళ్ళది. దాగలి ఎవరిదైతే కొలిమి వాళ్ళది, కొలిమి ఎవరిదైతే నేను వాళ్ళవాణ్ణి. అమ్మయ్య."

"భటులారా, పట్టుకోండి వీళ్ళను," అని గర్జించాడు కర్కటకేతుడు. మాట తప్పిన ఆ క్షణమే గుంటలో నిప్పు ఆరిపోయింది. భటులు ఒక అడుగు ముందుకు వేశారు. రెండో అడుగు వేసేలోపు జలజలమని రాలి బొగ్గుకుప్పలైపోయారు. వాడు చిటికె వేశాడు. ఉత్త చిటికె శబ్దం వచ్చింది, అంతే.

మంజువాణి ఇక ఆగలేదు. తలపాగా లాగి పారేసింది. జడ వీపు మీద పడింది. మోకాళ్ళ మీద కూర్చొని, చెంప దాగలికి ఆనించి, కంటె అతుకు పైకి వచ్చేలా మెడ పెట్టింది. ఇనుము చల్లగా తగిలింది. "కొట్టు కామోజూ," అంది. ఆ మాట గాలిలో సగమే వచ్చింది, ఎందుకంటే సూర్యుడి అంచు సముద్రాన్ని తాకింది, వాడి మంత్రాలన్నీ ఆరినా పట్టెడ మీద వంగిన కంటె మాత్రం బిగుసుకోవడం మొదలుపెట్టింది.

కామోజు ఎడంచేత్తో ఉలిని అతుకు మీద నిలబెట్టాడు. కుడిచేతిలో చిన్న సుత్తి ఉంది. అప్పుడు ఆగిపోయాడు. "తల్లీ," అన్నాడు. "సమ్మెట ఎవరు కొడతారు?"

ఇన్నాళ్ళ ప్రయాణంలో ఇద్దరికీ ఈ సంగతి తట్టలేదు. ఎప్పుడు కొట్టినా సమ్మెట ఆమే కొట్టింది. ఇప్పుడు ఆమె మెడే దాగలి మీద ఉంది. ఆ లావు ఇనుము చిన్న సుత్తికి లొంగేది కాదు. మంజువాణికి చూపు మసకబారింది. చావు ఇంత తెలివితక్కువగా వస్తుందా అనుకుంది, భయం కంటే ముందు సిగ్గేసింది.

"ఓహో, చంపకవతి పిల్లవా," అన్నాడు కర్కటకేతుడు. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. మంత్రాలు పోయినా చేతులు పోలేదు కదా. కింద పడి ఉన్న సమ్మెట రెండు చేతులా ఎత్తి, ఆమె తలకు గురిచూసుకుంటూ దూకాడు. "ధాన్యం రాకపోతే పోయె. నీ తల పగలగొట్టి నా దాగలి నేను తీసుకుంటా."

సమ్మెట వాడి తల మీదుగా లేచింది. కామోజు కళ్ళు మూసుకోలేదు. ఉలి నెత్తిమీద చిన్న సుత్తితో ఒక్కటి వేశాడు.

టింగు.

వాడి చేతులకు ఆ పిలుపు తెలుసు. ఏనాటిదో అలవాటు. మనసు తల మీద కొట్టమంది, చేతులు విననే లేదు. సమ్మెట గాలిలోనే పక్కకు తిరిగి, మాంత్రికుడి బలమంతా, కోపమంతా కలుపుకొని, ఉలి మీద నిటారుగా పడింది.

ధణ్. కంటె రెండు ముక్కలై నేలమీద దొర్లింది.

మంజువాణి ఊపిరి పీల్చింది. పీల్చుతూనే ఉంది. ఎక్కడో పాదాల దాకా చల్లగా దిగింది ఆ గాలి. తరవాత నవ్వింది. ఇందాకటినుంచి ఇరుక్కుపోయి ఉన్న నవ్వంతా గలగలమని బయటికి వచ్చింది, మండపమంతా మోగింది. కామోజు ఆమెను చూసి బావురుమన్నాడు. "నా తల్లే, నా తల్లే," అంటూ బొజ్జ ఊగేలా ఏడ్చాడు. సమ్మెట చేతుల్లో పట్టుకొని కర్కటకేతుడు తన చేతుల వంకే వెర్రిగా చూస్తున్నాడు.

"సంతోషమే గాని," అన్నాడు బుస్సన్న, "ఒక చిన్న విన్నపం. ఈ కోట దొరగారి మంత్రంతో గడ్డకట్టిన పొగ. మంత్రం పోయింది."

అందరూ స్తంభాల వైపు చూశారు. నాట్యకత్తెల చేతులు సన్నగా జుట్టులా విడిపోయి గాలిలో కలిసిపోతున్నాయి. పైకప్పు లేదు, ఆకాశం ఉంది. పాదాల కింద నేల మెత్తగా, దూదిలా దిగబడుతోంది. దాని కిందుగా, ఎంతో దూరాన, అలలు కొండను కొడుతున్నాయి.

"ఎక్కండి," అన్నాడు బుస్సన్న. కొలిమిలోని వేడిగాలంతా ఒక్క గుక్కలో మింగాడు. తిత్తి ఉబ్బి, ఉబ్బి, గుడిసెంతైంది. దాన్ని దాగలికి కట్టి ఉంచిన గొలుసు బిగిసింది. మంజువాణీ కామోజూ దాగలి మీదికి దూకి చెరోవైపు గొలుసు పట్టుకున్నారు. అంత బరువూ ఊగుతూ ఊగుతూ పైకి లేచింది. అదే క్షణాన కొలిమి మండపం పొగై చెదిరిపోయింది.

కిందినుంచి ఒక కేక. కర్కటకేతుడు దాగలి కొమ్ము పట్టుకొని వేలాడుతున్నాడు. రెండో చంకలో బియ్యం బస్తా.

"ఆ బస్తా వదిలెయ్యవయ్యా, బరువు," అని అరిచింది మంజువాణి.

"ప్రాణం పోయినా వదల్ను," అన్నాడు వాడు, కాళ్ళు తన్నుకుంటూ.

"వదలమని చెప్పండి అమ్మగారూ, నాకు నడుము పీకుతోంది," అన్నాడు బుస్సన్న. ఆ ఒక్క మాటకే గొట్టంలోంచి గాలి తుస్సుమంది, అందరూ తాడిచెట్టంత కిందికి జారారు.

"మాట్లాడకు," అన్నారు ముగ్గురూ ఒక్కసారే, మాంత్రికుడితో సహా.

బుస్సన్న గొట్టం బిగించుకున్నాడు. కళ్ళు గుండ్రంగా తిప్పాడు. చూస్తుంటేనే తెలుస్తోంది, వాడికి ఏదో చెప్పాలని ఉంది. ఎదురుగా సంధ్యవెలుగులో, సముద్రం మధ్యన, పేరు తెలియని ద్వీపం ఒకటి కనిపించింది. దాని ఒడ్డున ఎర్రటి దివిటీలు బారులు తీరి కదులుతున్నాయి. ఇక వాడు ఆగలేకపోయాడు. "అమ్మగారూ, ఆ దీవి గురించి నాకు తెలుసు, అక్కడికి మాత్రం వెళ్ళకూడదు, ఎందుకంటే అక్కడ" అంటుండగానే ఉన్న గాలంతా అయిపోయింది. గొట్టం పీచుపీచుమంది. తిత్తి ముడతలు పడింది. దాగలి దాగలిలాగే పడడం మొదలుపెట్టింది.

కామోజు కళ్ళు మూసుకొని ఇంటి వేలుపును తలుచుకున్నాడు. ఆ వేలుపు మీదే కూర్చొని కిందికి పోతున్న సంగతి అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ కళ్ళు తెరిచాడు. మంజువాణి గొలుసు పట్టుకొని పైకి ఎగబాకింది. తిత్తి వెనక గాలి లోపలికి పోయే బెజ్జం ఉంది. "ఆ గొట్టం మూసి పట్టుకో కామోజూ, మాట బయటికి రానివ్వకు," అంది. కామోజు పటకారుతో బుస్సన్న గొట్టాన్ని గట్టిగా నొక్కిపట్టాడు.

అలల తుంపర మొహాన కొట్టింది. ఆమె మెడ వెనక్కి వంచింది. అక్కడ ఇక ఏ ఇనుమూ లేదు. రొమ్ము నిండా, పొట్ట నిండా, పట్టినంత సముద్రపుగాలి పీల్చుకొని, బెజ్జానికి నోరు ఆనించి ఊదింది. మళ్ళీ పీల్చింది, మళ్ళీ ఊదింది. తిత్తి ముడతలు ఒక్కొక్కటే విప్పుకోసాగాయి. మాంత్రికుడి కాళ్ళు మాత్రం నీళ్ళలో తడిశాయి, బియ్యం బస్తా తడవలేదు. నలుగురూ నీళ్ళకు జానెడు ఎత్తున, ఆ దివిటీల వైపే సాగిపోతున్నారు. మంజువాణి ఊదుతూనే ఉంది.